అరువు బిందె

పెద్ద ఊరి నుంచి వచ్చేవాళ్ళు మా ఇంటికే వస్తారని మందిరం అయ్యగారు చెప్పడానికి వచ్చినప్పుడు నా కోడలు మంచం మీద పొట్ట పట్టుకుని ముడుచుకుని ఉంది. బిడ్డ పుట్టి ఇంకా నెల నిండలేదు. జ్వరం దిగడం లేదు. ఒళ్ళు ముట్టుకుంటే అప్పుడే పొయ్యి మీద నుంచి దింపిన గిన్నెలా ఉంది. నర్సమ్మ ఒకసారి వచ్చి చూసి, లోపల చీము పట్టినట్టుంది, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అని చెప్పి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే వాన ఇటు దిగింది. మా వీధికీ రోడ్డుకీ మధ్య ఉన్న తూము కొట్టుకుపోయింది. ఆటోవాళ్ళు ఆ బురద చూసి దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాళ్ళు. మంచంతో సహా మోసుకెళ్దామని బయల్దేరితే సగం దారిలో ముందు పట్టినవాళ్ళు నడుం దాకా దిగబడ్డారు. మంచం ఒరిగి కోడలు పిల్ల బురదలో పడబోయింది. వెనక్కి తెచ్చేశాం. నా కొడుకు లారీ మీద దూరం పోయాడు. ఫోను కలవడం లేదు. కలిసినా వాడు మాత్రం ఆ బురదని తాగేస్తాడా.

అయ్యగారు గుమ్మంలోనే నిలబడ్డారు.

"రేపు బృందం వస్తోంది పెద్దమ్మా. ప్రార్థనమందిరానికి రంగు వేస్తారు, పిల్లలకి పాటలు నేర్పుతారు. ఒక ఇల్లు చూస్తామన్నారు. మీ ఇల్లు చూపిద్దామనుకున్నాను. సిమెంటు గచ్చు ఉన్నది మీకొక్కళ్ళకే కదా."

"పిల్ల ఇలా ఉంటే ఇల్లేం చూపిస్తానయ్యగారూ. వాళ్ళు వచ్చే బండి ఎలాంటిది?"

"ఎత్తు చక్రాల వ్యాను. కొండలెక్కేది."

"ఈ బురద దాటుతుందా?"

"దాటుతుందనేగా వస్తున్నారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే వాళ్ళు దిగగానే పిల్లని అందులో ఎక్కించేద్దాం."

అయ్యగారు గొంతు తగ్గించారు. "దిగగానే చెయ్యి చాచితే ఎలాగమ్మా. ఆ ఏడాది ఏమైందో మర్చిపోయారా?"

మర్చిపోలేదు. ఆ ఏడాది బృందం దిగీ దిగగానే మావాళ్ళంతా వ్యాను చుట్టూ మూగారు. ఒకళ్ళు దుప్పటి అడిగారు, ఒకళ్ళు చెప్పులు అడిగారు, ఒక ముసలాయన దేనికో తెలియకుండానే అడిగాడు. వచ్చినవాళ్ళు భయపడి లోపలికెక్కి తలుపులు వేసుకున్నారు. మరుసటి ఏడాది రాలేదు. ఇప్పుడు మళ్ళీ వస్తున్నారు. వీధికి నీళ్ళ బోరు వేయించే ఆలోచన ఉందట. ట్యాంకరు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకునే బాధ తప్పుతుంది.

"అడిగేవాళ్ళు వాళ్ళ ఊళ్ళో వీధికొకళ్ళు ఉన్నారమ్మా," అన్నారు అయ్యగారు. "అడగనివాళ్ళని చూద్దామనే ఇంత దూరం వస్తున్నారు. లేమిలో తృప్తి అనేదే ఈసారి వాళ్ళ పాఠం. మీ ఇల్లు చూసి వెళ్ళనివ్వండి. ఆ తర్వాత వ్యాను సంగతి నేనే మాట్లాడతాను. నాది పూచీ."

నేను కోడలి వైపు చూశాను. అది కళ్ళు మూసుకునే అంతా వింటోంది.

"సరేనను అత్తా," అంది. "ఒక్కరోజేగా."

మా వీధి గుడ్డల షెడ్డు వెనక ఉంటుంది. పాతబట్టల మూటలు లారీల్లో వచ్చి అక్కడ పడతాయి. మేం ఆడవాళ్ళం నేల మీద కూర్చుని వాటిని విడగొడతాం. నూలుది ఒక కుప్ప, ఊలుది ఒక కుప్ప, నైలానుది ఒక కుప్ప. బొత్తాలూ జిప్పులూ కోసి తీసేశాక తెల్ల నూలు గుడ్డ యంత్రాలు తుడవడానికి పోతుంది. మిగతాది పరుపుల్లో కూరడానికి పోతుంది. విడగొట్టిన గుడ్డని కాళ్ళతో తొక్కి తాడు బిగిస్తే బేలవుతుంది. బేలు తడిసిందంటే షెడ్డు యజమాని దాని వైపు చూడడు, దానికి పడ్డ చాకిరీ వైపూ చూడడు.

మాకొక అలవాటుంది. ఎవరింటికైనా బయటివాళ్ళు వస్తున్నారంటే మిగతా ఇళ్ళన్నీ ఆ ఇంట్లోకి తరలుతాయి. ఒకరి స్టీలు బిందె, ఒకరి కంచాలు, ఒకరి పువ్వుల దుప్పటి. వాచ్‌మన్ పెళ్ళాం ఇంటి కుర్చీ అయితే ముందే వచ్చేస్తుంది. అయ్యగారింటి గోడ గడియారం ఎన్ని గోడలెక్కి దిగిందో దానికే తెలియాలి. అతిథులు వెళ్ళాక ఎవరివి వాళ్ళు పట్టుకుపోతారు. ఎవరూ ఎవర్నీ ఎత్తిపొడవరు, ఎందుకంటే రేపు తమ వంతు వస్తుంది.

ఆ సాయంత్రం అన్నీ నా ఇంట్లోకి వచ్చాయి. బిందె పట్టుకొచ్చింది పక్కింటి బొత్తాల వదిన. షెడ్డులో బొత్తాలు కోసేది ఆవిడే. ఆవిడ ఇంట్లో డబ్బాల నిండా బొత్తాలే.

"మా బిందె నా కాపురం కంటే నీ కాపురమే ఎక్కువ చేసింది వదినా," అంది, దాన్ని మూల పెడుతూ. "ఈసారి తిరిగొచ్చాక నన్ను గుర్తుపడుతుందో లేదో."

తర్వాత ఇద్దరం కోడల్ని చెరో రెక్కా పట్టుకుని గోడ అవతలికి, వదిన వెనక గదిలోకి తీసుకెళ్ళాం. కిటికీ లేని గది. బొత్తాల డబ్బాలు జరిపి, కింద మెత్తగా గుడ్డపీలికలు పరిచి పడుకోబెట్టాం.

"బిడ్డ?" అంది.

"నా దగ్గరే ఉంటుంది. పాలకి తీసుకొస్తుంటాను."

"ఏడిస్తే వినపడుతుంది కదా అత్తా."

"వినపడుతుంది. గోడ పలచనేగా."

మర్నాడు బృందం వచ్చింది. వాళ్ళు మాట్లాడేదీ మన మాటే. పెద్ద ఊరి మనుషులు, అంతే. ముందు నడిచేది టోపీ పెట్టుకున్న పెద్దాయన. ఎండ లేకపోయినా టోపీ తియ్యలేదు. ఆయన వెనక కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి. చదువు అయిపోయి ఇంకా ఉద్యోగంలో చేరలేదట. మిగతావాళ్ళు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డారు. నేను టీ ఇచ్చాను, వాచ్‌మన్ పెళ్ళాం గ్లాసుల్లో.

టోపీ సారు గోడలు చూశాడు, గడియారం చూశాడు, తోమిన బిందె చూశాడు. "ఎంత పొందికగా ఉందో చూడండి," అన్నాడు తనవాళ్ళతో. "మనింట్లో ఇన్ని సామాన్లుంటాయి, ఒక్కటీ చోటులో ఉండదు."

కళ్ళజోడు అమ్మాయి గచ్చు మీదే చతికిలబడింది. కుర్చీ వద్దంది. బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది. బిడ్డ ఆ అమ్మాయి చొక్కా బొత్తాన్ని నోటితో వెతుక్కుంది.

"పాపకి ఆకలేస్తున్నట్టుంది ఆంటీ. వాళ్ళమ్మ ఏది?"

అయ్యగారే అందుకున్నారు. "పనికెళ్ళిందమ్మా. వచ్చేస్తుంది."

బిడ్డ ఏడుపు అందుకుంది. గోడ అవతల నుంచి మూలుగు వచ్చింది. మొదట సన్నగా, తర్వాత పొడుగ్గా. బిడ్డ ఏడుపు వినపడి లేవబోయిందని నాకు తెలుసు. అమ్మాయి తల తిప్పింది. అయ్యగారు చటుక్కున కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన అంత గట్టిగా ప్రార్థించడం నేనెప్పుడూ వినలేదు. గోడ అవతల బొత్తాల వదిన దేన్నో కింద పడేసింది. బొత్తాలు నేల మీద దొర్లుతున్న చప్పుడు చాలాసేపు వచ్చింది.

ప్రార్థన అయ్యాక అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, మొహమాటపడకండి. మీకేమైనా కావాలా?"

అదీ అడిగింది. అడగనే అడిగింది. అయ్యగారు నా వైపు చూస్తున్నారు. ఆయన కళ్ళల్లో బెదిరింపు లేదు, బతిమాలడం ఉంది. వెనక గుమ్మంలో వీధి ఆడవాళ్ళంతా నిలబడి నా నోటి వైపే చూస్తున్నారు. వాళ్ళ ఖాళీ బిందెలు నా కళ్ళ ముందు కదిలాయి. ఇంకొంచెం ఓర్చుకుంటే అయ్యగారే అడుగుతారు, రెండూ దక్కుతాయి అనుకున్నాను.

"ఏమీ వద్దు తల్లీ," అన్నాను. "అన్నీ ఉన్నాయి."

అమ్మాయి కళ్ళు చెమర్చాయి. నా చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. ఆ చెయ్యి పొద్దుటి నుంచీ తడిగుడ్డలు పిండి పిండి నానిపోయి ఉంది. ఆ పిల్లకి చల్లగా హాయిగా అనిపించి ఉంటుంది.

వాళ్ళు వెళ్ళగానే అయ్యగారి వెంటపడ్డాను.

"ఇప్పుడే ఇల్లు చూశారు, ఇప్పుడే అడిగితే ఏం బాగుంటుందమ్మా. రేపు రంగు మొదలవుతుంది, అప్పుడు వీలు చూసి చెబుతాను."

మర్నాడు అడిగితే, "టోపీ సారు నిచ్చెన మీదున్నారు," అన్నారు. ఆ తర్వాత, "బోరు సంగతి ఇవాళ తేలేలా ఉంది, అది కానివ్వండి," అన్నారు. ఆయన ఇంట్లోనూ నీళ్ళు లేవు. ఆయన భార్య కూడా ట్యాంకరు దగ్గర నాతోపాటే తోపులాటలో పడుతుంది. నాకాయన మీద కోపం రావాలి, రాలేదు. భయం ఒక్కటే నిండుగా ఉంది, ఇంకో దానికి చోటు లేదు.

కోడలికి పాలు తగ్గిపోయాయి. బిడ్డ లాగి లాగి విసిగిపోయి ఏడ్చేది. బొత్తాల వదిన ఎక్కడి నుంచో పాలు తెచ్చి, గుడ్డ వత్తి చేసి ముంచి నోట్లో పెట్టేది. కోడలి దగ్గర వాసన మొదలైంది. ఎన్ని గుడ్డలు మార్చినా పోదు. గుడ్డలకి మాకు కొదవ లేదు, ఆ ఒక్క విషయంలో మేం మహారాజులం. జ్వరంలో కోడలికి మతి కూడా తప్పింది. బొత్తాలు పిడికిట్లో పట్టుకుని, "ఇవి నావి కాదు, ఇచ్చెయ్యండి, వాళ్ళవి వాళ్ళకి ఇచ్చెయ్యండి," అనేది.

"వదినా," అంది బొత్తాల వదిన, గుమ్మంలోకి నన్ను లాగి. ఎప్పుడూ నవ్వులాటలాడే మనిషి మొహం అది కాదు. "ఇది నా గదిలో పోతే నేను తట్టుకోలేను. నువ్వే అడుగు."

"అయ్యగారు మాటిచ్చారు."

"ఆయన మాట నీళ్ళ కోసం దాచుకుంటున్నాడు. నువ్వు అడుగు."

ఆఖరి రోజు మందిరంలో వీడ్కోలు సభ పెట్టారు. పొద్దుటి నుంచీ మళ్ళీ సన్నగా వాన. గోడల కొత్తరంగు వాసన తలకెక్కుతోంది. నేను చెప్పులు విడుస్తూ వ్యాను వైపు చూశాను. పెట్టెలన్నీ ఎక్కించేసి ఉన్నాయి. పైన తాడు కూడా కట్టేశారు.

"ఎక్కడికి?" అని అడిగాను డ్రైవరుని.

"ఇటు నుంచి ఇటే రైలుకమ్మా."

లోపలికి వెళ్ళి ఎక్కడ కూర్చున్నానో కూడా తెలియలేదు.

వాళ్ళు ఒక్కొక్కరే లేచి ఈ ప్రయాణంలో ఏం నేర్చుకున్నారో చెబుతున్నారు. ఒకతను ఇంటికెళ్ళి తన బట్టల బీరువా సగం ఖాళీ చేస్తానన్నాడు. ఆ బట్టలు చివరికి మా షెడ్డుకే వస్తాయని అతనికి తెలిసినట్టు లేదు. కళ్ళజోడు అమ్మాయి, "ఏం కావాలని ఆ ఆంటీని అడిగితే ఏమీ వద్దు, అన్నీ ఉన్నాయన్నారు. నేను ఆ మాట జీవితంలో ఒక్కసారి కూడా అనలేదు," అని చెప్పి కూర్చుంది.

టోపీ సారు లేచాడు. "మనకి అన్నీ ఉన్నా సణుగుతాం. వీళ్ళకి ఏమీ లేదు, అయినా వీళ్ళ నోట సణుగుడు లేదు. అమ్మా, మీరు లేవండి. ఇంత తృప్తి మీకెక్కడి నుంచి వచ్చిందో మావాళ్ళకి ఒక్క మాట చెప్పండి."

అయ్యగారు తల ఊపారు, చెప్పమన్నట్టు. లేచాను. నిలబడ్డాక గోడని పట్టుకోవాల్సి వచ్చింది. అరచేతికి రంగు అంటుకుంది.

"బాబూ," అన్నాను. "మీరు చూసిన బిందె నాది కాదు."

ఆయనకి అర్థం కాలేదు. నవ్వుతూనే ఉన్నాడు.

"బిందె బొత్తాల వదినది. గడియారం అయ్యగారిది. మీరు టీ తాగిన గ్లాసులు వాచ్‌మన్ ఇంటివి. నాదంటూ ఆ ఇంట్లో ఉన్నది నా కోడలొక్కతే. అది మీకు కనపడకూడదని గోడ అవతల పడుకోబెట్టాం. మీరు వచ్చిన రోజు మీరు విన్న మూలుగు దానిదే. పురిటి జ్వరం. చచ్చిపోతోంది. మీ బండి తప్ప ఏ బండీ ఈ బురద దాటదు. నాకు తృప్తి లేదు బాబూ. బండి కావాలి."

వెనక నుంచి బొత్తాల వదిన గొంతు వచ్చింది. "నిజమే సారూ. ఆ బిందె నాదే. కావాలంటే అడుగున సొట్ట ఉంటుంది, చూసుకోండి."

"పువ్వుల దుప్పటి మాది," అంది ఇంకొకామె.

"కుర్చీ మాది. దానికి ఒక కాలు పొట్టి, అందుకే గోడకి ఆనించాం," అంది వాచ్‌మన్ పెళ్ళాం.

వీధి వీధంతా తమ సామాన్లు తాము చెప్పుకున్నారు. ఎవరో నవ్వబోయి ఏడ్చారు. అయ్యగారు తల దించుకుని కూర్చున్నారు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు టోపీ సారు. "మొదటి రోజే చెబితే మొదటి రోజే తీసుకెళ్ళేవాళ్ళం కదా."

"మీరు అడగనివాళ్ళని చూడ్డానికి వస్తున్నారని చెప్పారు బాబూ."

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అది ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. అప్పటికే కళ్ళజోడు అమ్మాయి వానలోకి పరుగెత్తి వ్యాను లోపలి పెట్టెలు బురదలోకి లాగి పడేస్తోంది.

కోడల్ని మంచంతో సహా మోసుకొచ్చారు. ముందు వైపు పట్టింది అయ్యగారే. వెనక సీటు మీద నా ఒళ్ళో తల పెట్టి పడుకోబెట్టాం. బిడ్డని బొత్తాల వదిన తన దగ్గరే ఉంచుకుంది. టోపీ సారూ అమ్మాయీ ముందు ఎక్కారు. వ్యాను కదిలింది. తూము దగ్గరికి వచ్చేసరికి ముందు చక్రాలు ఎక్కాయి, వెనక చక్రాలు దిగబడ్డాయి. డ్రైవరు ఎంత తొక్కినా బురద లేస్తోంది తప్ప బండి లేవడం లేదు.

వెనక్కి మోసుకెళ్ళే మాటే లేదు. కోడలు కళ్ళు తేలేస్తోంది. నేను దాని చెంపల మీద తడుతూ పేరు పెట్టి పిలుస్తున్నాను.

అప్పుడు షెడ్డు వైపు నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఇద్దరిద్దరు ఒక్కో బేలు ఈడ్చుకుంటూ. వానలు మొదలయినప్పటి నుంచీ మేం విడగొట్టి, తొక్కి, తాడు కట్టి, తడవకుండా తలుపేసి కాపాడుకున్న బేళ్ళు. కొడవళ్ళతో తాళ్ళు తెంపి గుడ్డంతా చక్రాల కింద కూరారు. తెల్లనూలు, ఊలు, నైలాను, ఏదీ చూడలేదు.

"తడిసిపోతాయే," అని అరిచాడు షెడ్డు కాపలావాడు.

"తడవనీ," అంది బొత్తాల వదిన, బిడ్డని చంకన పెట్టుకుని ఒంటి చేత్తో గుడ్డ తోస్తూ. "బోరు పోతే పోయింది, బేళ్ళు పోతే పోయాయి. నువ్వూ వచ్చి తొయ్యి, నీ మీసం ఏమీ తడవదులే."

చక్రం గుడ్డని కరుచుకుంది. బండి ఒక్క ఊపున రోడ్డెక్కింది. వెనక అద్దంలో నుంచి చూస్తే బురద నిండా రంగురంగుల గుడ్డలు, వాటి మధ్య మోకాళ్ళ దాకా మా వీధి ఆడవాళ్ళు.

పెద్దాసుపత్రిలో కోడల్ని చక్రాల మంచం మీద లోపలికి తీసుకుపోయారు. డాక్టరమ్మ ఒక్క మాటే అంది. "ఇంత దాకా ఏం చేస్తున్నారు?" టోపీ సారు రైలు సంగతి చూడ్డానికి వెళ్ళాడు. అమ్మాయి మాత్రం వెళ్ళనంది. వరండాలో బల్ల మీద నా పక్కనే కూర్చుంది. ఇద్దరికీ బట్టల నిండా బురద. తలుపు మీద ఏదో రాసి ఉంది. అప్పటికి నాకు చదువు రాదు. "లోపలికి రాకూడదని," అని అమ్మాయే చెప్పింది.

అమ్మాయి నా వైపు తిరిగి అడిగింది. "ఆంటీ, మరి మీకు తృప్తి అనేదే లేదా? నేను చూసిందంతా అబద్ధమేనా?"

ఆ పిల్ల ఎత్తిపొడవడం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటోంది. అందుకని ఆలోచించి చెప్పాను.

"ఉంది తల్లీ. బిడ్డ పుట్టిన మర్నాడు నా కోడలు కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టు అత్తా అని మళ్ళీ అన్నం పెట్టించుకుంది. బిడ్డ పక్కన నిద్రపోతోంది. నేను గోడకి ఆనుకుని అది తినడం చూస్తూ కూర్చున్నాను. ఇంకేమీ గుర్తు రాలేదు నాకు. ఆ రోజు ఇంట్లో బిందె కూడా లేదు, కుండే. ఆ రోజు మీరు లేరు."

అమ్మాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడిచేకొద్దీ అద్దాలకి బురద ఇంకా పట్టింది.

తలుపు తెరుచుకుంది. నర్సు తల బయటికి పెట్టింది.

"పురిటామె తాలూకు ఎవరు? శుభ్రమైన గుడ్డలున్నాయా? ఒళ్ళు తుడవాలి."

ఒళ్ళు ఎప్పుడెప్పుడు తుడుస్తారో నాకు తెలుసు. నా భర్త పోయినప్పుడు తుడిచింది నేనే. అయినా అడిగాను.

"బతికుందా అమ్మా?"

"బతికే ఉంది. గట్టెక్కిందని మాత్రం అనుకోకు, ఇంకా చాలా ఉంది. చెమట పట్టి తడిసిపోయింది. గుడ్డలు తెచ్చి నువ్వే వచ్చి తుడువు, త్వరగా."

చేతులు చూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గుడ్డల మధ్యే బతికినదాన్ని, ఆ వేళ నా దగ్గర పొడి పీలిక ఒక్కటి లేదు. ఉన్నవన్నీ తూము దగ్గర బురదలో ఉన్నాయి. అమ్మాయి పక్కన దాని సంచీ ఉంది. సంచీలో మడతపెట్టిన తెల్లటి దుప్పటి అంచు కనిపిస్తోంది. మంచి నూలు, చూపుతోనే తెలిసింది.

"తల్లీ," అన్నాను, చెయ్యి చాచి. "ఆ దుప్పటి నాకివ్వు."